ప్రాచీన వైద్యంలో సమగ్ర దృష్టి

రోగం సోకేది అవయవానికా, మనిషికా? ఈ ప్రశ్న వైద్యశాస్త్రమంత ప్రాచీనమైనది. నైలు నదీ తీరంలోను, ఏజియన్ సముద్ర ద్వీపాలలోను దీనికి వేరువేరు సమాధానాలు లభించాయి.

ఈజిప్టులో ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క వైద్యుడు ఉండేవాడని క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కంటికొకడు, పంటికొకడు, తలకొకడు, ఉదరానికొకడు! నేటి పెద్ద ఆసుపత్రులలోని నామఫలకాలు గుర్తుకు రాక మానవు. అయితే ఈజిప్షియనులు దేహాన్ని ముక్కలుగానే చూశారనుకోవడం సరికాదు. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈబర్స్ పత్రం 20 మీటర్ల నిడివి గల పపైరస్ చుట్ట. హృదయం నుంచి సకల అవయవాలకూ నాళాలు ప్రసరిస్తాయని, వైద్యుడు తలపై, చేతులపై, కాళ్ళపై ఎక్కడ వేళ్ళుంచినా హృదయమే పలుకుతుందని అందులో ఉంది. నాడీస్పందనను వారు గ్రహించిన తీరు అది. రక్తమే కాక గాలి, కన్నీరు, మూత్రం కూడ ఆ నాళాలలోనే ప్రవహిస్తాయని భావించడం వారి జ్ఞానపరిమితి. ఆ గ్రంథంలో మందు పక్కనే మంత్రం ఉంటుంది.

ఇంచుమించు ఆ కాలానిదే అయిన ఎడ్విన్ స్మిత్ పత్రం స్వభావం వేరు. గాయాలకు సంబంధించిన 48 సందర్భాలను అది శిరస్సు నుంచి కిందికి వరుసగా వివరిస్తుంది. పరీక్ష ముగిశాక వైద్యుడు మూడు మాటలలో ఒకటి చెప్పాలి: చికిత్స చేయగలను, పోరాడి చూస్తాను, చికిత్సకు లొంగదు. ఈ మూడవ మాట చెప్పడానికి కావలసిన నిజాయితీ సామాన్యమైనది కాదు.

గ్రీసులో ఎపిడారస్ క్షేత్రానికి వచ్చిన రోగులు వైద్యదేవత అస్క్లేపియస్ ఆలయంలో నిద్రించి, స్వప్నంలో స్వస్థత కోరేవారు. కోస్ ద్వీపవాసి హిపోక్రటీస్ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథాలు మరొక మార్గం తొక్కాయి. అపస్మారాన్ని జనం దైవఘటితమైన పవిత్ర వ్యాధిగా భావించగా, మిగిలిన రోగాల కంటే అందులో పవిత్రత ఏమీ లేదని, దానికి మూలం మెదడేనని వాటిలో ఒకటి వాదించింది. రోగిని దోషిగానో, శాపగ్రస్తునిగానో చూసే సమాజంలో ఆ వాదం ఎంతటి ఊరటో ఊహించవచ్చు. మరొక గ్రంథం, వైద్యుడు కొత్త ఊరికి వెళ్ళినపుడు అక్కడి గాలిని, నీటిని, నేలను ముందుగా పరిశీలించాలన్నది.

రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాల సమతౌల్యమే ఆరోగ్యమన్నది వారి సిద్ధాంతం. అది అరబ్బుల ద్వారా భారతదేశానికి చేరింది. హైదరాబాదులో చార్మినార్ చెంతనున్న నిజామియా ఆసుపత్రిలో అనుసరించే యూనానీ వైద్యం పేరులోనే గ్రీకుల అయోనియా ఉంది. ఐరోపాలో మాత్రం ఆ సిద్ధాంతాన్ని నమ్మి 19వ శతాబ్ది వరకు రోగుల రక్తం తీశారు. ఆ చికిత్స వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగింది. సమగ్రమైన సిద్ధాంతం సత్యమైన సిద్ధాంతం కానక్కరలేదు.

తత్త్వవేత్త ప్లేటో ‘చార్మిడీస్’ అనే సంవాదంలో ఈ చర్చను దేహం దాటించాడు. ఉదయాన తలనొప్పితో బాధపడే యువకుడు చార్మిడీస్‌కు సోక్రటీస్ ఒక ఆకును, ఒక మంత్రాన్ని సూచిస్తాడు. తలను విడిచి కంటికి, దేహాన్ని విడిచి తలకు వైద్యం కుదరనట్లే, ఆత్మను విడిచి దేహానికీ కుదరదని ఒక థ్రేసు వైద్యుని వల్ల తెలుసుకున్నానంటాడు. ఆ మంత్రం మరేమో కాదు, మనసులో నిగ్రహాన్ని కలిగించే మంచిమాట. ఆపై చర్చ నిగ్రహమంటే ఏమిటన్న ప్రశ్న చుట్టూ సాగి, నిర్ధారణకు రాకుండానే ముగుస్తుంది. చార్మిడీస్ తలనొప్పి తగ్గిందో లేదో ప్లేటో చెప్పలేదు.