తలాబ్ పేరు మిగిలింది, నీటికి చోటు పోయింది

హైదరాబాదు పాతబస్తీలో తలాబ్ కట్టా అనే మహల్లా ఉంది. తలాబ్ అంటే చెరువని ఉర్దూ ఎరిగిన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మీర్ జుమ్లా చెరువు కట్ట వల్ల ఆ బస్తీకి ఆ పేరు వచ్చింది. ఇటు మాసాబ్ ట్యాంక్ అసలు పేరు మాసాహెబా తలాబ్. కుతుబ్‌షాహీల ఇంటి పెద్ద హయాత్ బక్షీ బేగంను ప్రజలు మాసాహెబా అని గౌరవంగా పిలుచుకునేవారు. నేడు రెండు చోట్లా చెరువు లేదు, పేరు మాత్రం బస్సు బోర్డుల మీద ఉంది.

2020 అక్టోబరు 13న కురిసిన వానను నగరవాసులెవరూ మరచిపోలేదు. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. పల్లె చెరువు పొంగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు కొట్టుకుపోయారు. ఆ నీరు తీయకముందే 17వ తేదీ రాత్రి మళ్లీ వాన. ఈసారి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగింది. బుర్హాన్ ఖాన్ చెరువు పక్కనున్న ఉస్మాన్ నగర్‌లోనైతే నీరు వారాలు కాదు, నెలల తరబడి ఇళ్లలోనే నిలిచిపోయింది.

ఇలాంటి వేళ ‘ఇది దైవ శిక్ష’ అని తేల్చేసేవారు మనలో ఉంటారు. దివ్య ఖుర్‌ఆన్ వానను కారుణ్యంగా, రహ్మత్‌గా పేర్కొంటుంది. అలుగుకు అడ్డంగా గోడ కట్టింది మనిషే గదా!

ఈ అలుగు సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. మన ప్రాంతపు చెరువులు విడివిడిగా తవ్వినవి కావు, గొలుసుకట్టుగా కట్టినవి. ఎగువ చెరువు నిండగానే అదనపు నీరు అలుగు దుమికి, కాలువ పట్టి, కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే మరొకటి. చివరికి మూసీ. ఆ కాలువనే నగరంలో నాలా అంటున్నాం. నాలా మీద ఇల్లు, ఇంటిలో మిగిలినదంతా నాలాలోకి! పైగా చెరువు శిఖంలో, అంటే వానాకాలం నీరు నిలిచే భూమిలో, ప్లాట్లు చేశారు. మట్టి ఉన్నచోట కొంత నీరైనా ఇంకేది, సిమెంటు మీద ఎక్కడ ఇంకుతుంది? పడిన చుక్క పడినట్టే నాలాకు పరుగెడుతుంది. గంటకు రెండు సెంటీమీటర్ల వాన వస్తేనే ఈ నాలాలు తట్టుకోలేవని అధికారులే చెబుతుంటారు. 2000 ఆగస్టులో ఒక్క రోజు 24 సెంటీమీటర్లు పడిన తరువాత కిర్లోస్కర్ కమిటీని వేశారు. నాలాలు వెడల్పు చేయాలని ఆ కమిటీ 2003లోనే చెప్పింది. 2020 నాటికి ఏమాత్రం వెడల్పయ్యాయో వరదే చూపించింది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ తుఘ్యానీ కథ మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్నదే. దాదాపు 15 వేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఉర్దూ రుబాయీలకు పేరుగాంచిన అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి తల్లినీ, భార్యనూ, కూతురినీ నీటికి వదిలి ఒంటరిగా మిగిలారు. అయితే అప్పుడూ కారణం ఒక్క వాన మాత్రమే కాదు. మూసీ పరీవాహకంలో ఉన్న దాదాపు 800 చెరువుల్లో 200కు పైగా ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు తన ప్యాలెస్‌ల తలుపులు తెరిపించారు. అక్కడితో ఆగక విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉపాయమడిగారు. ఆయన ఆలోచన ప్రకారం ఎగువనే నీటిని ఆపేందుకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అన్నం పెట్టి ఊరుకోలేదు, పన్నెండేళ్లు, పంతొమ్మిదేళ్లు పట్టినా పని పూర్తిచేశారు. నేటి పాలకులకు ఎన్నిక నుంచి ఎన్నిక వరకే చూపు!

ఇది హైదరాబాదు ఒక్కదాని గోడు కాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినపుడు, పడవ వెళ్లలేని సందుల్లోని మేడలకు డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించవలసి వచ్చింది.

ఇక వరద అనంతరం మన బస్తీలు చేసే సేవను మెచ్చుకోవలసిందే. 2020లో కరోనా భయం ఉన్నా మసీదులు, మద్రసాలు, ఫంక్షన్ హాళ్లు తెరిచారు. యువకులు నడుములోతు నీటిలో వృద్ధులను భుజాలపై మోశారు. మొదటి మూడు రోజులూ దేగ్‌ల కొద్దీ ఖిచిడీ. ఎనిమిదో రోజు మాత్రం ఎవరూ రారు. నిజమైన కష్టం అప్పుడే మొదలవుతుంది. కుట్టుమిషను తుప్పు పట్టింది, ఆటో ఇంజనులో బురద, పిల్లల సర్టిఫికెట్లు ముద్దయ్యాయి. ప్రభుత్వం ఇంటికి 10 వేలు ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు స్త్రీలు బారులు తీరారు. ఎన్నికలు రావడంతో నవంబరులో మధ్యలోనే ఆపేశారు. అద్దెకున్నవారి పరిస్థితి మరీ దయనీయం, ఇల్లు తమదన్న కాగితం లేదు గదా.

ముతవల్లీలకు, జమాఅత్ పెద్దలకు ఒక విన్నపం. బియ్యం పంచడం ముగిశాక కర్జె హసన మొదలుపెట్టండి. వడ్డీ లేకుండా ఒక మిషను, ఒక తోపుడుబండి ఇప్పించండి. వడ్డీ వ్యాపారి బురద ఆరకముందే బస్తీకి వస్తాడు, మీరు అతనికంటే ముందు వెళ్లాలి. జకాత్ లెక్క, సదఖా లెక్క వేరు వేరుగా రాయండి. జకాత్‌కు హక్కుదారులు నిర్ణీతం, సదఖా మాత్రం ఏ మతస్థునికైనా ఇవ్వవచ్చు. హాఫిజ్ బాబానగర్‌తో పాటు శివాజీనగర్, రాజీవ్‌నగర్ కూడా మునిగాయని మరువరాదు. స్త్రీలకు ప్రత్యేక మరుగుదొడ్డి లేని ఆశ్రయం ఆశ్రయమే కాదు.

ఈ రోజుల్లో ఇళ్లలో తరచు వచ్చే సందేహం సంపు నీటి గురించి. మురుగు కలిసి రంగు, రుచి, వాసనల్లో ఒక్కటి మారినా ఆ నీటితో వుజూ చెల్లదు. తేటగా కనబడినా తాగవద్దు. సంపు తోడించి, బ్లీచింగ్ పౌడరుతో కడిగించి, కొన్నాళ్లు కాచిన నీరే వాడండి. గోడలు ఆరేదాకా కరెంటు మెయిను వేయవద్దు. తడిసి చదవడానికి వీలుకాని ముస్‌హఫ్‌లను చెత్తబండికి ఇవ్వకుండా శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాలి.

చివరగా ఒక చేదు మాట. శిఖం భూములు నోటరీ కాగితాల మీద పేదలకు అమ్మినవారిలో మన టోపీ పెట్టుకున్నవారూ ఉన్నారు. దుబాయిలోనో జెద్దాలోనో ఏళ్ల తరబడి రెక్కలు ముక్కలు చేసుకున్న సొమ్ము ఆ కాగితాలకు పోయింది. పది హెక్టార్లు మించిన చెరువైతే పూర్తిగా నిండినప్పటి నీటి గుర్తు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు నిర్మాణాలు చేయరాదు. శిఖం ఎక్కడిదాకా ఉందో తహసీల్దారు కార్యాలయంలోని గ్రామ పటంలో చూడవచ్చు. అమ్మేవాడు ప్లాటును ఏప్రిల్‌లో, నేల పగుళ్లు విచ్చినపుడు చూపిస్తాడు. బయానా ఇవ్వకుండా సెప్టెంబరు దాకా ఆగండి. వానలో వెళ్లి, పక్కింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి రండి.