పాలలో మాంసకృత్తులను పట్టిచ్చే పరారుణ కిరణాలు

మన దేశంలో పాడి రైతుకు పాల ధర ప్రధానంగా వెన్న శాతం, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌.గా పిలిచే వెన్నేతర ఘనపదార్థాల ఆధారంగా ముడుతోంది. మాంసకృత్తులు ఈ రెండో పద్దులోనే లాక్టోజు, లవణాలతో కలిసిపోతాయి. నీళ్లు కలిపిన పాలలో చక్కెరో, యూరియానో కలిపితే లాక్టోమీటరు మోసపోక తప్పదు.

డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో రూపొందించిన పరీక్షే మాంసకృత్తులకు నేటికీ ప్రామాణికం. పాలను గాఢ గంధకామ్లంలో మరిగించి, తేలిన నత్రజనిని 6.38తో హెచ్చవేస్తారు. ఇందుకు గంటలు పడుతుంది. పైగా ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్షకు పట్టదు. ఈ లొసుగును ఆసరా చేసుకుని చైనాలో పాలలో మెలమిన్ కలిపారు. 2008లో బయటపడిన ఆ కల్తీకి ఆరుగురు పసికందులు బలికాగా, దాదాపు 3 లక్షల మంది అస్వస్థులయ్యారు.

పరారుణ వర్ణపట పద్ధతి నత్రజనిని లెక్కించదు. మాంసకృత్తులలోని పెప్టైడు బంధాలు సుమారు 6.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద, వెన్న 5.7 వద్ద, లాక్టోజు 9.6 వద్ద ఈ కిరణాలను గ్రహిస్తాయి. పాలను 40 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చచేసి, వెన్న కణికలను చిదిమి, పలుచని పొరగా కిరణాల దారిలో నిలిపితే నిమిషం లోపే శాతాలు తేలతాయి.

అయితే కెల్డాల్ పరీక్షలో తేలిన నమూనాలతో యంత్రాన్ని ముందుగా సరిదిద్దాలి. ఆవుపాలతో సరిదిద్దిన యంత్రం గేదెపాలకు తప్పుడు లెక్క చూపవచ్చు. గేదెపాలు విస్తారంగా ఉన్న మన దేశానికి ఇది చిన్న విషయం కాదు. ఖరీదు రీత్యా ఈ యంత్రాలు ఎక్కువగా పెద్ద డెయిరీల ప్రయోగశాలలకే పరిమితం. పల్లెలోని పాల కేంద్రంలో రైతు చూసుకునేది మాత్రం వెన్న శాతమే.