మీకు తెలుసా? కరవు సీమ నుంచి అకాడమీ సదస్సు అధ్యక్ష పీఠానికి

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, వాటితో పాటే అఖిల భారత సంగీత సదస్సు కూడా జరిగింది. దాని ఫలితమే 1928లో వెలసిన మ్యూజిక్ అకాడమీ. కచేరీలతో సరిపెట్టుకోకుండా, సంగీతం నేర్పేవాళ్లను తయారుచేయడానికి 1931లోనే ఒక కళాశాల పెట్టింది. ఆ ముందుచూపు గొప్పది.

ఏటా జరిగే అకాడమీ సదస్సుకు అధ్యక్షత వహించే విద్వాంసుడికి ‘సంగీత కళానిధి’ బిరుదు ఇస్తారు. 1974లో ఆ గౌరవం అందుకున్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మన అనంతపురం సీమవాసే! కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడు. ‘గాథాసప్తశతి’ని తెలుగు చేసిన కవి కూడా.

తిరుమల రాగిరేకుల్లో అన్నమయ్య పాటలకు రాగం పేరుంది, స్వరం లేదు. వాటిలో కొన్నిటిని ఎంచుకుని, ఒక్కో పాట సాహిత్యాన్ని పట్టి చూసి, వరుస కట్టి, స్వరలిపితో అచ్చుకు సిద్ధం చేశారు శర్మగారు. ఈరోజు అన్నమయ్య పాట పాడే పిల్లలకు ఆయన పేరు కూడా చెప్పాలి.

అకాడమీ మద్రాసులో పెట్టినట్టే, మన సీమలోని పుట్టపర్తిలోనూ సంగీతానికి ప్రత్యేకంగా ఒక కళాశాల ఉంది: శ్రీ సత్యసాయి మీర్పురి సంగీత కళాశాల.