చార్మినార్ రూపాయి అంచున ఆ రంగులేమిటి?

మన్ననూర్ దాటితే శ్రీశైలం దారి నల్లమలలోకి వెళ్తుంది. వానాకాలంలో ఆ అడవి చెమ్మ బీరువాలో బట్టలనే కాదు, బట్టల కింద దాచిన నాణేల ఆల్బంనూ వదలదు. తాత పెట్టెలో దొరికిన చార్మినార్ రూపాయిని తెల్లగా మెరుస్తుండగా అట్ట ఆల్బం గుంతలో బిగించారనుకోండి. కొన్నేళ్ల తర్వాత తీస్తే అంచు చుట్టూ నీలం, దాని పక్కన ఊదా, లోపలికి పసుపు కనిపిస్తాయి. నడుమ మాత్రం ఇంకా తెల్లగానే ఉంటుంది. వెంటనే వచ్చే అనుమానం: ఇది మంచి వెండి కాదా?

మంచి వెండే. పూర్తి వెండి మాత్రం కాదు. నిజాం రాజ్యంలో చెల్లిన ఈ హాలీ సిక్కా రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో వెండి నూటికి 81.8 వంతులు, అంటే దాదాపు 9.14 గ్రాములు. మిగతా రెండు గ్రాములు ప్రధానంగా రాగి. మెత్తటి వెండి చేతులు మారి త్వరగా అరగకుండా రాగి కలిపేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చిన హాలీ రూపాయల్లో మాత్రం వెండి సగమే.

మరి ఇంగ్లీషువాళ్ల రూపాయి ఎక్కువ విలువైనదని పెద్దలు ఎందుకనేవారు? కల్దారు అని పిలిచే ఆ రూపాయి సరిగ్గా పాత తులం, 11.66 గ్రాములు. (ఇప్పుడు నగల దుకాణంలో తులమంటే పది గ్రాములే.) అందులో వెండి 10.69 గ్రాములు. మారకం ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. లెక్క వేసి చూడండి: ఏడు హాలీల్లో వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలోనూ రమారమి అంతే. 1959లో హాలీ చెలామణి ముగిసినా ఆ వెండి లెక్క బిళ్లలో అలాగే ఉంది.

రంగు కల్తీకి గుర్తు కాదు. స్వచ్ఛమైన వెండి కూడా నల్లబడుతుంది. గాలిలో అతి కొద్దిగా ఉండే గంధకపు వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన ఈ వాయువుదే. మన ముక్కుకు అందనంత తక్కువగా ఉన్నా వెండికి అది చాలు. చెమ్మ ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. ఈ రంగు పొరనే నాణేలు సేకరించేవారు టోనింగ్ అంటారు.

పొర నల్లటిదైతే పసుపు, నీలం ఎక్కడివి? వానకు తడిసిన రోడ్డు మీద డీజిల్ చుక్క పడితే రంగులు విచ్చుకోవడం చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. వెలుతురు కొంత పొర పైనుంచి, కొంత కింది వెండి నుంచి తిరిగి వస్తుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు అణగిపోతాయి, మిగిలినవి మన కంటికి చేరతాయి. ఏ రంగు మిగలాలో పొర మందం తేలుస్తుంది. పలచగా ఉంటే లేత పసుపు, చిక్కబడేకొద్దీ గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు.

అంచునే ఎందుకు మొదలవుతుంది? బిళ్ల అంచు అట్టను తాకుతూ ఉంటుంది కాబట్టి. కలపను కాగితపు గుజ్జుగా మార్చే ఒక ప్రధాన పద్ధతిలో సోడియం సల్ఫైడ్ వాడతారు. నాసిరకం అట్టలో గంధకపు శేషం ఉంటే అది ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. అంచు నుంచి నడుమకు వెళ్లేకొద్దీ దాని జోరు తగ్గుతుంది. అందుకే రంగులు వలయాలుగా పరుచుకుంటాయి.

ఇలా ఎంత వెండి పోయినట్టు? మూడు సెంటీమీటర్ల బిళ్లకు రెండు వైపులా 50 నానోమీటర్ల పొర పట్టిందనుకుందాం. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మన తల వెంట్రుకను మందం వెంట 1,500 పొరలుగా చీల్చగలిగితే ఒక్క పొర ఆ 50 నానోమీటర్లంత ఉంటుంది. బిళ్ల మీది ఆ రంగు పొరలో చేరిన వెండి అర మిల్లీగ్రాము కూడా కాదు. ఒక బియ్యపు గింజను నలభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క బరువు. బిళ్లలోని వెండిలో ఇరవై వేల వంతు.

అలాగైతే పూజ గిన్నెల్లా చింతపండు, విభూతి పెట్టి తోమేద్దామా? వద్దు. గిన్నె మెరిస్తే చాలు, నాణెం విలువ దాని పైముఖంలో ఉంది. తోమితే సన్నటి గీతలు పడతాయి, ఎత్తుగా ఉన్న మినార్ల కొనలు ముందు అరుగుతాయి. పైగా సహజంగా పట్టిన ఇంద్రధనుస్సు రంగులకు ఎక్కువ ధర పెట్టే సేకరణదారులూ ఉన్నారు. కావాలని రసాయనాలతో రంగు పట్టించినవీ అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు జాగ్రత్త.

ఒక్కటి మాత్రం ఉపేక్షించకూడదు: జిగురుగా తగిలే ఆకుపచ్చ మరక. అది టోనింగ్ కాదు. పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్ జేబులు పాతబడి వదిలే నూనె, ఆమ్లం బిళ్లలోని రాగిని తినడం వల్ల వచ్చింది. ఆ బిళ్లను వెంటనే వేరు చేయండి.

మిగతా వాటికి ఇల్లు మారిస్తే సరిపోతుంది. పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ జేబులున్న ఆల్బం కొనండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, పాత వార్తాపత్రికలు దగ్గర పెట్టకండి. వాటిలోనూ గంధకం ఉండొచ్చు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో తరచూ మార్చండి. బిళ్లను అంచులు పట్టుకునే ఎత్తండి, వేలి చెమట ముద్ర కూడా మరకగా మిగులుతుంది. పట్టిన రంగును మాత్రం అలాగే ఉండనివ్వండి. అది తీసుకున్నది గింజలో ముక్క, తోముడు తీసుకునేది మినారు కొన.