బాబూ జగ్జీవన్ రామ్

ప్రజాస్వామ్యమున మంత్రిపదవికి మూలము ప్రజల ఓటు. మన రాజ్యాంగము ప్రకారము పార్లమెంటు సభ్యుడు కానివాడు కేంద్రమంత్రిగా నియమింపబడినను, ఆరు నెలలలోపల ఏదేని ఒక సభలో సభ్యత్వము పొందవలెను. లేనిచో పదవిని విడువవలెను. కావున ఒక మంత్రి జీవితమును తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు వేయవలెను. ప్రజలు ఆయనను ఎట్లు ఎన్నుకొనిరి? ఆయన వారి పనిని ఎట్లు నెరవేర్చెను?

జగ్జీవన్ రామ్ 1908 ఏప్రిల్ 5వ తేదీన బీహారులోని చాంద్వా గ్రామమున, అస్పృశ్యులుగా ఎంచబడిన కుటుంబములో జన్మించెను. ఆరా పట్టణమున చదువునపుడు, పాఠశాలలో అంటరానివారికి వేరుగా నీటికుండను పెట్టగా, ఆయన దానిని పగులగొట్టెనని చెప్పుదురు. తుదకు ప్రధానోపాధ్యాయుడు అందరికి ఒకే కుండ చాలునని నిర్ణయించెను.

ఆయన 1937లో బీహారు శాసనసభకు పోటీ లేకయే ఎన్నికయ్యెను. 1946లో నెహ్రూ నాయకత్వమున ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వములో కార్మికశాఖను చేపట్టెను. అందరిలో ఆయనయే పిన్నవయస్కుడు. నిర్ణయించిన కూలికి తక్కువ ఈయరాదను 1948 నాటి కనీస వేతనముల చట్టము ఆయన కాలముననే వచ్చెను.

1952 మొదలు 1984 వరకు జరిగిన ఎనిమిది లోక్‌సభ ఎన్నికలలోను ఆయన గెలిచెను. 1957 నుండి ఆయన నియోజకవర్గము ససారాం. షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానమున అభ్యర్థి ఆ కులములవాడే కావలెను. కాని ఓటు వేయువారు అన్ని కులములవారు. ఆయనను గెలిపించినవారును అట్టి ఓటర్లే.

తపాలా తంతి, రైల్వే మొదలగు శాఖలను ఆయన నిర్వహించెను. 1963లో కామరాజు పథకము ననుసరించి రాజీనామా చేసి, 1966లో మరల మంత్రి యయ్యెను. 1967లో ఆహార వ్యవసాయ శాఖ లభించెను. అది కరవుకాలము. 1966-67లో గోధుమపంట 1 కోటి 14 లక్షల టన్నులు మాత్రమే. క్రొత్త వంగడముల వలనను, రైతుల శ్రమ వలనను, మంచి వర్షముల వలనను మరుసటి యేడు అది 1 కోటి 65 లక్షల టన్నులకు పెరిగెను. 1971లో బంగ్లాదేశ్ అవతరణకు దారితీసిన యుద్ధము జరిగినపుడు ఆయన రక్షణమంత్రి.

1975లో అత్యవసర పరిస్థితిని ఆమోదించు తీర్మానమును లోక్‌సభలో ప్రవేశపెట్టినవాడును ఆయనయే. 1977 ఫిబ్రవరిలో ఆ మంత్రివర్గమును విడిచి ప్రతిపక్షములతో కలిసెను. ఆ ఎన్నికలలో పాలకపక్షము ఓడిపోయెను. జనతా ప్రభుత్వములో ఆయన మరల రక్షణమంత్రియై, 1979లో ఉపప్రధాని యయ్యెను. ప్రధానిపదవి మాత్రము లభింపలేదు. 1980, 1984 ఎన్నికలలో దేశమంతట ఆయన పక్షములు ఓడినను, ససారాం ఓటర్లు ఆయనను విడువలేదు. 1986 జూలై 6న ఆయన మరణించెను.

ముప్పది సంవత్సరములపాటు మంత్రిగా నున్నవాడును, ప్రతి ఎన్నికలోను సామాన్యుని వాకిట నిలిచి ఓటు అడుగవలసినదే. నీటికుండలను వేరుచేసిన సమాజములో ఓటుపెట్టె అందరికి ఒక్కటి యయ్యెను. రాజ్యాంగము తెచ్చిన ఈ మార్పు ఎంత గొప్పదో విద్యార్థులు గ్రహింపవలెను.