పనివాళ్లకూ పంచాల్సిన ప్రశాంతత

గుంటూరు నుంచి బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. తెనాలికి కూడా దగ్గరే. యూదు మతాన్ని ఆచరించే కొన్ని తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వీరు తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. మాదిగ నేపథ్యం నుంచి, క్రైస్తవం మీదుగా వచ్చిన ఈ సమాజం శ్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో 1980ల చివర్లో యూదు ఆచారాలను బాహాటంగా చేపట్టి, 1991లో ప్రార్థన మందిరం ఏర్పాటు చేసుకుంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై చేసిన పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. యూదు ధ్యానం గురించి, శ్వాస సాధన గురించి ఆసక్తి ఉన్నవారు ఈ ఊరి వైపు ఒకసారి చూడాలి. ఎందుకంటే ఆ సంప్రదాయంలో మనశ్శాంతికి మూలాధారం సబ్బాతు అనే వారానికొక విశ్రాంతి దినం.

ఊపిరికి యూదు ఆలోచనలో గొప్ప స్థానమే ఉంది. దేవుడు మట్టితో మనిషిని చేసి ముక్కుపుటాల్లోకి జీవవాయువు ఊదాడని ఆదికాండం చెబుతుంది. పూర్వపు భక్తులు ప్రార్థనకు ముందు ఒక గంటసేపు ఆగి మనసు నిలుపుకునేవారని సుమారు 1,800 ఏళ్ల నాటి యూదు ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. 13వ శతాబ్దంలో యూదు మార్మికుడు అబ్రహాం అబులాఫియా హీబ్రూ అక్షరాల ఉచ్చారణకు శ్వాసనూ తల కదలికలనూ జోడించి ఒక ధ్యాన పద్ధతి రూపొందించాడు. అందుకే యూదు ధ్యానమంతా బౌద్ధం నుంచీ యోగం నుంచీ ఈమధ్య తెచ్చుకున్నదే అనే విమర్శ పూర్తిగా నిలవదు. 1990లో యూదు ప్రతినిధులు ధర్మశాలలో దలైలామాను కలిసిన తర్వాత పరస్పర ఆసక్తి పెరిగిన మాట నిజమే. అయినా ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఏ సాధనా నకిలీ అయిపోదు. నెమ్మదిగా, దీర్ఘంగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుందనీ, శరీరం కుదుటపడుతుందనీ శాస్త్రమూ ఒప్పుకుంటుంది. కానీ పది నిమిషాల తర్వాత మళ్లీ రోజువారీ పనుల పరుగులో పడితే ఆ కుదురు ఎంతసేపు నిలుస్తుంది?

సబ్బాతు ఆ పరుగునే ఆపుతుంది. శుక్రవారం పొద్దుగూకే వేళ మొదలై శనివారం రాత్రి చుక్కలు కనిపించేదాకా పని ఉండదు. ప్రార్థన, కుటుంబం, భోజనం, చదువు ఉంటాయి. రోజు కూలి మీద బతికేవారికి ఇది ఎలా కుదురుతుందన్నది బలమైన అభ్యంతరం. ఒక రోజు మానేస్తే ఆ రోజు తిండికి కష్టమయ్యే ఇళ్లు డెల్టా పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఈ ప్రశ్నకు జవాబు ద్వితీయోపదేశకాండంలో ఉంది. యజమానితో పాటు దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దూ గాడిదా కూడా ఆ రోజు విశ్రమించాలని అది ఆజ్ఞాపిస్తుంది; మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలేనని గుర్తుచేస్తుంది. అంటే విశ్రాంతి భారాన్ని కూలివాడి మీద వదిలెయ్యదు, పని చేయించుకునేవాడి బాధ్యతగా మారుస్తుంది. తరతరాలుగా ఇతరుల పొలాల్లో చెమటోడ్చిన సమాజానికి ఈ మాట ఎంత గౌరవమిస్తుందో ఊహించవచ్చు.

కాబట్టి తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో తెల్లవారుజామున కళ్లు మూసుకుని శ్వాసను గమనించే ప్రతి ఒక్కరూ ఆ అలవాటును నిశ్చింతగా కొనసాగించాలి. దానితో పాటు తమ ఇంట్లో పనిచేసే మనిషికీ, దుకాణంలో నిలబడే కుర్రాడికీ, పొలంలో కూలికీ జీతం కోత లేని సెలవు ఒకటి వారానికి దక్కుతోందా అని చూసుకోవాలి. దక్కకపోతే, ఆ సెలవు ఇవ్వడంతోనే తమ సాధన మొదలుపెట్టాలి.