రవ్వ తోక, కొర్రమీను తోక

చేపను ముందుకు నడిపే బలం ప్రధానంగా ఒంట్లోంచి వస్తుంది, రెక్కల్లోంచి కాదు. వెన్నెముకకు ఒకవైపు కండలు బిగిస్తే రెండోవైపువి సడలుతాయి. ఆ వంపు తల దగ్గర చిన్నగా మొదలై తోకవైపు పోనుపోను పెద్దదవుతుంది. చివరనున్న తోకరెక్క ఆ ఊపునంతా నీటి మీద చూపిస్తుంది. కుడికీ ఎడమకూ నెట్టిన నెట్టుడు ఒకదానికొకటి చెల్లిపోతుంది. వెనక్కి నెట్టింది మాత్రం మిగిలి, చేపను ముందుకు తోస్తుంది. నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు. ఈదేటప్పుడు తన్నుకోవడానికి ఆధారమూ అదే, దారికి అడ్డమూ అదే.

పాఠ్యపుస్తకాలు వాజాలు అనే మిగతా రెక్కలు ఈ ఊపును అదుపులో పెడతాయి. వీపు మీది రెక్క, తోకకు ముందు అడుగున ఉండే రెక్క కలిసి చేప పక్కకు దొర్లిపోకుండా చూస్తాయి. మొప్పల వెనకున్న జతతో చేప మలుపు తిరుగుతుంది. ఆగాలంటే ఆ రెండింటినీ విప్పి నీటికి అడ్డంపెడుతుంది. ఆ క్షణంలో ఒళ్లు తలకిందులు కాకుండా పొట్ట కింది జత సరిచేస్తుంది.

ఇందులో అన్నిటికన్నా మెచ్చుకోదగింది రెక్క నిర్మాణం. విసనకర్ర పుల్లల్లా పరుచుకున్న కిరణాల మధ్య పలుచని పొర ఉంటుంది. మెత్తని కిరణం ఒక్కొక్కటీ నిలువునా రెండు సగాలు. మొదట్లోని కండరం ఒక సగాన్ని లాగితే కిరణం అటు వంగుతుంది. అందుకే చేప రెక్కను విప్పగలదు, ముడవగలదు, నీటికి ఎదురుగా వంచి పట్టగలదు కూడా. వేగంగా పోయేటప్పుడు చాలా చేపలు రెక్కలను ఒంటికి ఆనించుకుంటాయి.

గోదావరిఖని, రామగుండం పక్కనే పారే గోదావరిలో, దాని మీద కట్టిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయంలో దొరికే చేపలను పక్కపక్కన పెట్టి చూస్తే రెక్కను బట్టి బతుకు తెలుస్తుంది. రవ్వ, బొచ్చెల తోక లోతుగా చీలి ఉంటుంది. ఎక్కువసేపు ఈదే చేపకు అలాంటి తోకతో శ్రమ తక్కువ. వానాకాలం వరదలో గుడ్లు పెట్టడానికి ఎదురీదే జాతులివి.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుది వేరే దారి. గడ్డీ గాదమూ ఉన్న నిలువ నీళ్లలో మాటువేసి వేటాడుతుంది. దాని తోక గుండ్రం. పై రెక్క, అడుగు రెక్క దాదాపు తోకదాకా సాగి ఉంటాయి కాబట్టి ఒంటి వెనక సగమంతా ఒకే వెడల్పాటి తెడ్డుగా పనిచేస్తుంది. కదలకుండా ఉన్నప్పుడు మొప్పల పక్క రెక్కలు మెల్లగా ఆడుతుంటాయి. ఎర దగ్గరికి రాగానే ఒళ్లు వంచి ఒక్క విసురుతో దూకుతుంది. దూరం ఈదడానికి ఆ తోక అంతగా పనికిరాదు, దానికి ఆ అవసరమూ తక్కువే.

వాలుగకు వీపు మీద రెక్క పేరుకే ఉంటుంది. అడుగు రెక్క మాత్రం పొట్ట నుంచి తోకదాకా పొడవునా ఉంటుంది. జెల్లకు వీపు రెక్కలోనూ, మొప్పల వెనక రెక్కల్లోనూ ముందుండే కిరణం గట్టి ముల్లుగా మారింది. ఆ ముల్లును నిటారుగా నిలిపి బిగించుకుంటే పెద్ద చేపలకు దాన్ని మింగడం కష్టం. వల నుంచి జెల్లను తీసేటప్పుడు జాలర్లు జాగ్రత్తపడేదీ ఆ ముల్లు గురించే.